ఎత్తుకు చేరిన గాలి

ఏడో అధ్యాయం తిరిగి వచ్చింది. దానితోపాటు వచ్చిన జవాబులో మూడే వాక్యాలు ఉన్నాయి. "మీరు చదువుతున్నంతసేపూ మీ వెనక ఎవరో గ్లాసు అడుగున మిగిలిన నీళ్లను స్ట్రాతో పీలుస్తున్నారు. దయచేసి వాళ్లను తాగడం పూర్తిచేయమనండి. ఆ తరువాత మళ్లీ చదవండి."

ఆ జవాబు రాసినది వినే పుస్తకాల గ్రంథాలయంలో మేము పంపే ప్రతి రికార్డింగునూ ముందుగా విని చూసే పరీక్షకురాలు. పుట్టుకతో చూపు లేని మనిషి. పక్క వీధిలో కుక్క మొరిగితే అది ఎన్నో నిమిషంలో మొరిగిందో రాసి పంపుతుంది. ఆమెను నేను ఎన్నడూ కలవలేదు కాని, ఆమె చెవి మీద నాకు ఎంత గురి అంటే, ఆమె నీళ్ల చప్పుడు అన్నదంటే అది నీళ్ల చప్పుడే.

నాకూ అది వినిపిస్తూనే ఉన్నది. వినిపించనట్టు నటించి పంపాను. తప్పు అక్కడే మొదలైందని అప్పుడు అనుకున్నాను. అంతకన్నా ముందే మొదలైందని తెలియడానికి ఆరు రోజులు పట్టింది.

ముప్పై ఒక్క ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది, విరమించిన తరువాత ఆ గ్రంథాలయానికి పుస్తకాలు చదివి పెడుతున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నది సాక్ష్య చట్టం మీద ఒక పాత వ్యాఖ్యానం. అడిగినది న్యాయశాస్త్రం ఆఖరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి. ఆమెకూ చూపు లేదు. అరిగిపోయిన అక్షరాల పాత ముద్రణ కావడం వల్ల, యంత్రం గొంతుకు అప్పగిస్తే సెక్షన్ల అంకెల్లో సగం మింగేస్తుంది. పన్నెండు అధ్యాయాల్లో ఆరు ఆ అమ్మాయికి చేరాయి. మిగిలిన ఆరూ వచ్చే శనివారం సాయంత్రంలోగా చేరాలి. చేరితే పరీక్షకు వారం ముందు ఒకసారి వినగలుగుతుంది. చేరకపోతే సగం పుస్తకంతో పరీక్ష రాస్తుంది. గ్రంథాలయంలోని రికార్డింగు గది వచ్చే నెల దాకా ఖాళీ లేదు. ఫోనులో చదివి పంపితే పరీక్షకురాలు ఒప్పుకోదు. మా అమ్మాయి ఇంటికి వెళదామంటే, వాళ్ల కింది అంతస్తులో రేకులు కొట్టే పని. ఉన్నది నా గదే, నా మైకే.

ఆరో అధ్యాయం పూర్తైన మర్నాడు నా పాత కంప్యూటరు పోయింది. పంతొమ్మిదేళ్లు బతికింది, దాని తప్పేమీ లేదు. కొత్తది మా అల్లుడు దగ్గరుండి కట్టించి తెచ్చారు.

"నిశ్శబ్దం కోసమే నీళ్ల కూలరు పెట్టించానండీ అత్తయ్యగారూ. మీ చదువుకి చీమ చిటుక్కుమన్నంత కూడా అడ్డం రాదు."

ప్రాసెసరు మీద అరచేతిలో పట్టేంత గుండ్రటి పంపు; దాని నుంచి రెండు నల్లటి రబ్బరు గొట్టాలు; అవి పోయి పెట్టె నెత్తిన ఉన్న రేడియేటరులో కలుస్తాయి. లోపల సీలు వేసిన నీళ్లు వేడిని మోసుకుపోయి ఫ్యాన్లకు అప్పగించి తిరిగి వస్తాయి. ఒక పక్క అంతా అద్దం. కంప్యూటరు కడుపులోకి తొంగి చూడవలసిన అవసరం మనిషికి ఏమిటో నాకు అర్థం కాలేదు కాని, అల్లుడి ముచ్చట అనుకుని ఊరుకున్నాను.

చప్పుడు మొదటి రోజు నుంచే ఉన్నది. గుర్రుమని కాసేపు, గుటకలు వేసినట్టు కాసేపు. మధ్యలో పూర్తిగా ఆగి, నేను ఊపిరి పీల్చుకుని పేరా మొదలుపెట్టగానే మళ్లీ. ఆగిన చప్పుడు సాగుతున్న చప్పుడు కన్నా అన్యాయమైనది. అది ఎప్పుడు వస్తుందా అని చెవి గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. కళ్లు మాత్రం పుస్తకంలో ఉంటాయి. అలా చదివిన వాక్యాలు నా గొంతులోంచి వచ్చినవి కావు, నా కంగారులోంచి వచ్చినవి.

అల్లుడికి ఫోను చేశాను.

"కొత్తలో నాలుగు రోజులు అలాగే ఉంటుందండీ. కొత్త చెప్పులు కరవవా?"

"చెప్పులు కరిస్తే నా కాలిని కరుస్తాయి అల్లుడుగారూ. ఇది ఒక ఆడపిల్ల పరీక్షను కరుస్తోంది."

తన ఇంట్లో కూర్చునే నా తెరలోకి వచ్చి, బాణం గుర్తును అటూ ఇటూ పరుగెత్తించి, ఫ్యాన్ల వేగం తగ్గించారు. ఫ్యాన్లు తగ్గాయి, గుటకలు ఇంకా స్పష్టంగా వినిపించాయి. పంపు వేగం తగ్గించారు. గుటకలు నిదానించాయి, ఆగలేదు. పెంచారు. పెట్టె పుక్కిలించింది. మర్నాడు అడుగున మందంగా తువ్వాలు మడిచి పెట్టాను. ఆ మర్నాడు మైకును తీగ సాగినంత దూరం జరిపాను. ఆ మర్నాడు దుప్పటి కప్పబోతుంటే, "అత్తయ్యగారూ, ఊపిరాడక చస్తుందండీ," అని అల్లుడు బతిమాలారు.

నేను కొలవని దాన్ని నమ్మను. కాబట్టి తెల్లకాగితాలు తీసుకుని చప్పుడును నమోదు చేయడం మొదలుపెట్టాను: మొదలైన సమయం, ఆగిన సమయం, ఏ రకం, గది వేడి ఎంత, కిటికీ మూసి ఉన్నదా, ఏ ప్రోగ్రాము నడుస్తున్నది. మంగళవారానికి ఏడు పేజీలు అయింది. దిద్దుబాటు అక్కర్లేని ఏడు పేజీలు అని నాలో నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయి ఫోను చేసింది. మొదటిసారి మాట్లాడినప్పుడు నన్ను ఆంటీ అన్నది. అది వరస కాదని చెప్పాను. అప్పటి నుంచి పిన్నిగారు అంటుంది.

"పిన్నిగారూ, ఏదో చప్పుడు పడుతోందని లైబ్రరీ వాళ్లు చెప్పారు. ఉన్నా పర్వాలేదండీ, అలాగే నాకు పంపేయండి. మాకు అలవాటే."

"ఏది అలవాటు?"

"అదేనండీ. వెనక టీవీ మోగడం, ఎవరో దగ్గడం, మధ్యలో పేజీలు ఎగిరిపోవడం. మేం సర్దుకుంటాం."

తను నొచ్చుకోలేదు. నవ్వుతూనే చెప్పింది. నొచ్చుకున్నది నేను. చూపున్నవాడి చేతికి ప్రతి పేజీ మీదా టీ మరక ఉన్న పుస్తకం ఇస్తే దుకాణం పీకి పందిరి వేస్తాడు. చూపు లేని పిల్ల చెవికి అదే మరకల పుస్తకం ఇచ్చి, పైగా ఆ పిల్ల చేతే పర్వాలేదు అనిపించుకుంటాము. వీళ్లకు ఇది చాలు అన్న మాట పైకి ఎవరూ అనరు. చేసే ప్రతి పనిలోనూ అంటూనే ఉంటారు. అలాంటివాళ్ల జాబితాలో నా పేరు చేరడానికి నేను సిద్ధంగా లేను.

"శనివారం శుభ్రమైన పుస్తకం పంపిస్తాను. సర్దుకోవడం మానేసి నువ్వు చదువుకో," అన్నాను.

నాలుగు రోజులు మిగిలాయి, ఆరు అధ్యాయాలు మిగిలాయి.

బుధవారం పొద్దున టాక్సీ పిలిచి, డ్రైవరు చేత పెట్టె మోయించి దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి మెకానిక్కు నలభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి దాని కోసం బల్లంతా వెతికే రకం. పెట్టెను బల్ల మీద నిలబెట్టి, తీగలు తగిలించి, టార్చి వేసి అద్దంలోంచి చూశాడు. ఇద్దరం చెరో వైపు కూర్చున్నాము.

పది నిమిషాలు గడిచాయి. చప్పుడు లేదు. ఇరవై నిమిషాలు. రేడియేటరు ఫ్యాన్ల గాలి తప్ప ఏమీ లేదు. నలభై నిమిషాల తరువాత నేను ఆ పెట్టెను మనిషిని చూసినట్టు చూశాను. ఆరు రోజులు నన్ను నిలువునా వేధించి, తీర్పరి ముందు నోరు మూసుకున్న ప్రతివాదిలా కూర్చున్నది.

"అమ్మా, దీనికి జొరం లేదు," అన్నాడు మెకానిక్కు.

"ఇంటి దగ్గర ఉన్నది."

"ఇంటి దగ్గర ఉండి ఇక్కడ లేదంటే అది ఇంటి జబ్బు. దానికి మా దగ్గర మందు లేదమ్మా." గొంతు తగ్గించి, "పెద్దవాళ్లకి చెవుల్లో గుయ్‌మని ఉంటుందంటారు. మా అమ్మకీ ఉంది," అన్నాడు.

పరీక్షకురాలి జవాబు తీసి అతని ముందు పెట్టాను. దాని మీద నా ఏడు పేజీలు పెట్టాను. అతను మొదటి పేజీలో నాలుగు వరసలు చదివి, చివరి పేజీ తిప్పి చూసి, కాగితాలు సమంగా సర్ది నా వైపు జరిపాడు.

"మంగళవారం మూడు గంటల పదకొండు నిమిషాలకి నేను అన్నం తింటున్నా. అది తప్ప ఇందులో అన్నీ ఉన్నాయమ్మా."

పక్క బల్ల దగ్గరున్నవాడు నవ్వాడు. ఆరోపించినవారిదే రుజువు చేసే భారం అని రెండు వారాల కిందట నేనే మైకు ముందు చదివాను. చదవడం వేరు, దాన్ని సంచిలో పెట్టుకుని టాక్సీ ఎక్కడం వేరు.

ఇంటికి వచ్చి, పెట్టెను దాని చోట పెట్టి, తీగలు తగిలించి, గడియారం చూశాను. మూడు నిమిషాల్లో మొదటి గుటక.

నేను అరవలేదు. కాగితం తీసుకుని గ్రంథాలయానికి ఉత్తరం మొదలుపెట్టాను: ఇచ్చిన మాట నిలబెట్టుకోలేకపోతున్నాననీ, ఆ అమ్మాయికి మరో పాఠకురాలిని చూడమనీ. మరో పాఠకురాలు పరీక్ష అయిన తరువాతే దొరుకుతుందని నాకు తెలుసు. మొదటి వాక్యం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశాను. లేచి వంటింటి దాకా వెళ్లి వచ్చాను. మళ్లీ వెళ్లి వచ్చాను.

మూడోసారి వెళ్లేసరికి మా ఆయన టీ పట్టుకుని ఎదురొచ్చారు.

ఆయన సంగతి ఇంతవరకు చెప్పకపోవడానికి కారణం, ఈ వారమంతా నేను ఆయనతో ఈ సంగతి చెప్పకపోవడమే. ముప్పై నాలుగేళ్లు నీళ్ల పంపుల స్టేషనులో పనిచేసి, తన చెవులను ఆ పంపులకే ధారపోసి వచ్చిన మనిషి. వినికిడి యంత్రం ఉంది. నేను చదవడం మొదలుపెట్టగానే దాన్ని తీసి కళ్లజోడు పెట్టెలో భద్రపరుస్తారు. చప్పుడు గురించి ఆయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే కదా అనుకున్నాను. ఏదో కంప్యూటరు గొడవ అని ఆయనా దూరంగా ఉండిపోయారు.

"కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు. ఏమైంది?" అన్నారు.

గదిలోకి తీసుకువచ్చి, వినికిడి యంత్రం పెట్టించి, దాని దగ్గర నోరు పెట్టి చెప్పాను. "కూలర్లో నీళ్లు చప్పుడు చేస్తున్నాయండీ."

"కంప్యూటర్లో నీళ్లేమిటే?"

"చల్లబరచడానికి. పంపూ గొట్టాలూ ఉన్నాయి."

ఆయన టీ కప్పును నా ఉత్తరం మీదే పెట్టేశారు. "పంపు ఉందని ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?"

"మీకు వినపడదు కదా."

"నాకెందుకు వినపడటం? పంపు ఎక్కడుంది?"

వెళ్లి పెట్టె మీద మూడు వేళ్లు ఆనించారు. వైద్యుడు నాడి చూసినట్టు వేళ్లు జరుపుకుంటూ పోయి, తెర పక్కగా ఒకచోట ఆపి కళ్లు మూసుకున్నారు. నా చెవిలో గుటక పడినప్పుడల్లా ఆయన చూపుడువేలు లేచింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

"గాలి," అన్నారు. "గొట్టంలో గాలి పంపులోకి చేరింది. గాలి ఎప్పుడూ ఎత్తుకే పోతుంది. పంపుని అన్నిటికన్నా ఎత్తులో ఎవరు పెట్టారు?"

"పంపు ఎత్తులో లేదు. రేడియేటరు పైన ఉంది, పంపు కింద ఉంది. అల్లుడు చూపించారు."

"నా వేలి కింద ఉన్నదేమిటి మరి? ఇది పైభాగం కాదూ?" ఆయన పెట్టెను, దాని మీద ఠీవిగా కూర్చున్న తెరను, కింద పరిచిన మెత్తటి గుడ్డను చూశారు. "పొద్దున మోయించుకుపోయావే, ఆ దుకాణంలో వాడు దీన్ని ఎలా పెట్టాడు?"

"నిలబెట్టి."

"నువ్వు?"

"పడుకోబెట్టి." చెప్పడానికి ఉన్నది ఒక్క మాటే.

పంతొమ్మిదేళ్లు నా పాత కంప్యూటరు బల్ల మీద పడుకునే ఉన్నది. దాని వీపు మీద తెర, తెర నా కంటికి సరిగ్గా ఎదురుగా. కంప్యూటరు అంటే నాకు అదే ఆకారం. అల్లుడు కొత్తదాన్ని బల్ల కింద నిలబెట్టి వెళ్లారు. రెండుసార్లు కాలికి తగిలింది. ఆయన మెట్లు దిగేలోపే దాన్ని పైకి ఎత్తించి పడుకోబెట్టాను. అద్దం మీద తెర బరువు మోపకూడదన్న ఇంగితం ఉంది కాబట్టి, అద్దం ఉన్న పక్కను కిందికి పెట్టి, గీతలు పడకుండా గుడ్డ కూడా పరిచాను. దానితో కింద ఉండవలసిన పంపు నెత్తికి ఎక్కింది. ఏడు పేజీల్లో గది వేడి ఉంది, కిటికీ సంగతి ఉంది. పెట్టె పడుకుని ఉన్నదన్న వాక్యం ఒక్కటీ లేదు. కళ్లకు అలవాటైనదాన్ని రాయాలని ఎవరికి తోస్తుంది? ఇతరుల ప్రూఫుల్లో నేను జీవితమంతా పట్టుకున్నవి ఇలాంటి తప్పులే.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు," అన్నారు ఆయన.

"పిల్లవా మీరు?"

"పిల్లో పిల్లాడో, ముందు దీన్ని దింపుదాం. పట్టు."

అల్లుడికి ఫోను చేసి విషయం చెప్పాను.

"పడుకోబెట్టారా అత్తయ్యగారూ?"

"పడుకోబెట్టకూడదని మీరు చెప్పలేదు."

"పడుకోబెడతారని ఎవరనుకుంటారండీ?" అని, వెంటనే, "తప్పు నాదేలెండి, చెప్పి ఉండాల్సింది," అన్నారు. మర్యాద తెలిసినవారు. ఆ మర్యాద గోరుచుట్టు మీద రోకటిపోటు.

పెట్టెను నేల మీద నిలబెట్టాము. గుటకలు తగ్గలేదు.

"పంపులో ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా వదులుతుందా?" అంటూ ఆయన మోకాళ్ల మీద కూర్చుని, నడుస్తున్న పెట్టెను నెమ్మదిగా ముందుకు వంచి, ఆపి, వెనక్కి వంచి, పక్కకు వంచి, పసిపిల్లకు త్రేన్పు తెప్పిస్తున్నట్టు అరచేత్తో తట్టారు. నేను చెవి ఆనించాను, ఆయన వేళ్లు ఆనించారు.

"ఉందా?"

"ఉంది."

మళ్లీ వంచారు. పెద్దగా ఒక బుడగ గొట్టంలోంచి పైకి పాకి రేడియేటరులోకి పోయిన చప్పుడు నాకు వినిపించింది; అద్దంలో గొట్టం చిన్నగా అదిరింది.

"ఇప్పుడు?"

"కొంచెం."

"ఇప్పుడు?"

ఇరవై అయిదు నిమిషాలకు ఆయన వేలు లేవడం మానేసింది. నేను ఇంకో పావుగంట చెవి తీయలేదు.

తెరకు ఎత్తు కావాలి. నిఘంటువు రెండు సంపుటాలు తీసి దాని కింద పెట్టాను. మా ఇంట్లో పుస్తకం మీద నీళ్ల గ్లాసు పెట్టినవాళ్లను నేను క్షమించినట్టు దాఖలా లేదు. మా ఆయన ఆ సంపుటాల వైపు చూశారు, నా వైపు చూశారు.

గురువారం తెల్లవారగానే ఏడో అధ్యాయం మొదలుపెట్టాను. గది నిశ్శబ్దంగా ఉంది. నేను చదవలేకపోయాను. రెండు వాక్యాలకు ఒకసారి నా చెవి పెట్టె దగ్గరికి వెళ్లి నిలబడుతోంది. చప్పుడు పోయింది కాని, దాని కోసం కాచుకోవడం పోలేదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆపాక, మా ఆయన్ని పిలిచాను.

"మీరు ఇక్కడ కూర్చుని దాని మీద వేలు పెట్టి ఉంచండి. అది కదిలితే చెయ్యి ఎత్తండి. ఎత్తకపోతే నేను చదువుకుంటూ పోతాను."

"నా డ్యూటీ ఎన్ని గంటలు?"

"మూడు రోజులు."

వినికిడి యంత్రం తీసి, చిన్న పీట వేసుకుని, పంపు ఉన్నచోట పక్కరేకు మీద మూడు వేళ్లు ఆనించి కూర్చున్నారు. నేను ఆయన చేతి వైపు ఒకసారి చూసి పుస్తకంలోకి దిగాను. రోజుకు రెండు అధ్యాయాలు. ఆయన చెయ్యి ఎత్తలేదు. మధ్యలో ఒకసారి ముక్కు గోక్కోబోయి, నేను ఉలిక్కిపడటం చూసి మానుకున్నారు.

శుక్రవారం రాసిన ఉత్తరం ఒకటే, అది మెకానిక్కుకు. నా ఏడు పేజీలకు తప్పొప్పుల పట్టిక మాత్రం రాసి, ఫోనులో ఫొటో తీసి పంపాను. అందులో ఒకే పద్దు: మొదటి పేజీ, మొదటి వరసకు ముందు, 'పెట్టెను నేనే పడుకోబెట్టాను' అని చేర్చుకోవలెను. సాయంత్రం అతను ఫోను చేశాడు. "అమ్మా, నేనూ ఎలా పెట్టారని అడగాల్సింది. అడక్కుండా మీ చెవుల్ని అన్నా. ఆ ఏడు పేజీలూ మళ్లీ పంపండి, ఈసారి మొత్తం చదువుతా."

శనివారం మధ్యాహ్నానికి ఆఖరి అధ్యాయం పంపాను. మూడు గంటలకు పరీక్షకురాలి జవాబు వచ్చింది. అయిదు అధ్యాయాలు ఆమోదం. పదకొండో అధ్యాయంలో, నలభై రెండో నిమిషం నుంచి నలభై ఆరో నిమిషం దాకా అభ్యంతరం. "నీళ్లు ఆగాయి, సంతోషం. ఇప్పుడు మీ పక్కన ఎవరో నిద్రపోతున్నారు."

ఆ నాలుగు నిమిషాలను అలాగే వదిలేయమని ఆ అమ్మాయి తప్పకుండా అంటుంది. అందుకే ఆమెను అడగలేదు. టైము చూశాను, సాయంత్రానికి ఇంకా రెండు గంటలుంది. పుస్తకం తెరిచి మా ఆయన్ని పిలిచాను.

"మళ్లీనా? పంపు గొణిగిందా?"

"లేదు. మీరు గొణిగారు."

ఆయన నొచ్చుకున్నట్టు ముఖం పెట్టారు. "అయితే నన్ను బయటికి పంపించి చదువుకో."

బయటికి పంపితే నేను చదవలేనని ఇద్దరికీ తెలుసు. పీటను ఇటు జరిపాను.

"నాలుగు నిమిషాలే. వేళ్లు పెట్టండి. ఊపిరి మెల్లగా తీసుకోండి. నిద్ర వస్తే మీరే చెయ్యి ఎత్తండి."

ఆయన కూర్చుని, మూడు వేళ్లు ఆనించి, నోరు గట్టిగా మూసుకున్నారు. నేను మైకు దగ్గరికి వంగి, నలభై రెండో నిమిషం నుంచి చదవడం మొదలుపెట్టాను.